పులకింత పట్టీ

పాట విన్న మనిషి ఒంటి మీద రోమాలు లేచి నిలబడితే, అది పాట చేసిన పనా, దేవుడు చేసిన పనా, లేక ఉత్త చలిగాలి చేసిన పనా? ఈ అనుమానం ఏళ్ల తరబడి నన్ను పట్టుకుని ఉంది.

దానికి కారణం నా వృత్తిలోనే ఉంది. పాపికొండలకు వెళ్లే లాంచీలో నేను పాటగాణ్ణి, పేరు భద్రం. పైడెక్కు మీద ఒక మూల హార్మోనియం పెట్టుకుని కూర్చుంటాను. పక్కన డోలక్కుతో నూకరాజు. పొద్దున్నే గండి పోచమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని లాంచీ ఎక్కితే సాయంత్రం దాకా పాడుతూనే ఉంటాం. టిఫిన్లు పెడుతున్నంతసేపూ సినిమా పాటలు, ఆ తర్వాత జానపదాలు. మా నాన్న నేర్పిన గోదావరి తల్లి పాటను మాత్రం రెండు వైపులా కొండలు దగ్గరపడే చోటు వచ్చేదాకా దాచి ఉంచుతాను. అక్కడ నది ఇరుకవుతుంది. ఎండ తగ్గి, కొండల సందులోంచి చల్లగాలి ఒక్కసారిగా మీద పడుతుంది. సరిగ్గా అప్పుడు పైస్థాయి అందుకుంటాను. జనం చేతులు రుద్దుకుంటూ, "ఒళ్లు జలదరించిందండీ!" అంటారు.

మా నాన్నా అక్కడే అందుకునేవాడు. లాంచీల మీద పాడేవాళ్లందరం అక్కడే అందుకుంటాం. గాలి సాయం ఉందని అందరికీ తెలుసు. ఎంత సాయమో ఎవరికీ తెలియదు. దేవుడి గదిలో కూర్చుని కూడా ఈ మాట అడిగాను. ఆయన చెప్పలేదు.

మా బతుకు చదివింపుల మీద నడుస్తుంది. లాంచీ యజమాని రాజుగారు ఇచ్చే కూలి పాలకూ కూరలకూ సరిపోతుంది. తక్కినదంతా ప్రయాణికుల మెప్పే. పాట నచ్చినవాళ్లు లేచి వచ్చి పదో యాభయ్యో హార్మోనియం మీద పెడతారు. పెట్టినవాళ్ల పేరూ ఊరూ అడిగి, పాట ఆపి, మైకులో చదవాలి. "తణుకు వాస్తవ్యులు శ్రీ ఫలానా వారు, కళాకారులను మెచ్చి చదివించినది యాభై రూపాయలు. ఆ గోదావరి తల్లి వారిని చల్లగా చూడాలి" అనాలి. పేరు చదవకుండా డబ్బు తీసుకుంటే అది మెప్పు కాదు, ముష్టి అని మా నాన్న అనేవాడు.

జేబుల్లో నోట్లు మాయమయ్యేసరికి ఈ పద్ధతి దెబ్బతింది. హార్మోనియం ముందు క్యూఆర్ కోడు గీతల చదరం అంటించిన అట్ట పెట్టాం, ఫోను చూపించి డబ్బు పంపమని. ఎవరూ పంపలేదు. పిసినారులై కాదు. మంచి పాట వచ్చినప్పుడు అందరి ఫోన్లూ మమ్మల్ని వీడియో తీస్తూ ఉంటాయి. డబ్బు పంపాలంటే వీడియో ఆపాలి. పాట అయ్యాక ఆ ఊపు చల్లారిపోతుంది, ఉప్మా గుర్తొస్తుంది.

ఈ గొడవంతా మా ఇంట్లో భోజనాల దగ్గర విని, మా బావమరిది త్రినాథ్ పట్టీ కనిపెట్టాడు.

త్రినాథ్ నా భార్య తులసికి తమ్ముడు. పెద్ద చదువులు చదివి, రాజమండ్రిలో ఒక ఆయుర్వేద మందుల దుకాణం మీది గది అద్దెకు తీసుకుని ప్రయోగాలు చేసుకునేవాడు. మెట్లెక్కుతుంటే కషాయం వాసన, లోపల కాలిన వైర్ల వాసన.

"చూడు బావా," అని మణికట్టుకు చుట్టే మెత్తటి గుడ్డ పట్టీ ఒకటి చూపించాడు. "లైఫ్ జాకెట్టుతో పాటు ఇది కూడా ఇస్తారు. ఇష్టమైనవాళ్లు కట్టుకుంటారు. నీ పాటకి రోమాలు లేచాయనుకో, పట్టీ పసిగడుతుంది. రెండ్రూపాయలు వాళ్ల ఖాతాలోంచి నీ ఖాతాలోకి వచ్చేస్తాయి. నీ దగ్గర చిన్న గంట మోగుతుంది. ఎవరూ ఫోను తియ్యక్కర్లేదు, ఎవరూ లేవక్కర్లేదు."

"వాళ్లకి తెలీకుండా జేబులో చెయ్యి పెట్టినట్టు కాదంట్రా?"

"ముందే ఒప్పుకుంటారు బావా. ఇంతకు మించి పోకూడదని హద్దు కూడా పెట్టుకుంటారు. నోరు అబద్ధమాడొచ్చు గానీ రోమాలు ఆడవు కదా."

ఆ చివరి మాట నన్ను పడేసింది. గాలి సంగతి తేల్చుకోవచ్చనుకున్నాను.

మొదటి రోజే గంట మోగింది. కొండల మధ్య అయితే వాన చినుకుల్లా మోగింది. నూకరాజు డోలక్కు వాయిస్తూనే నా చెవిలో, "గురువుగారూ, ఇలాగైతే మా ఆవిడ నన్ను మళ్లీ ఇంట్లోకి రానిచ్చేలా ఉందండి," అన్నాడు. అలవాటు కొద్దీ నేను పేర్లు చదవడం మానలేదు. ఫోనులో ఎవరి పేరు పైకి వస్తే వాళ్లది చదివేవాణ్ణి. జనానికి అది సరదాగా ఉండేది. పేరు వినబడగానే చెయ్యెత్తి చూపించేవారు.

కొన్ని వారాలు గడిచాయి. ఇంటి పైకప్పు కారుతుంటే బాగు చేయించాం. తులసి దేవుడి గదికి పాలరాతి పలక వేయించింది. పెద్ద పట్నం నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చి మా లాంచీలో కూర్చుని, పాట వినకుండా గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క చూసుకుని వెళ్లారు. పట్టీ హక్కులు కొంటామన్నారు. త్రినాథ్ జీవితం ఒడ్డున పడేలా ఉందని అందరం సంతోషించాం.

అలా ఉండగా ఒకరోజు మైకులో, "గుంటూరు వాస్తవ్యులు శ్రీ తమ్మిశెట్టి పుల్లయ్య గారు! ఇవాళ అందరికంటే ఎక్కువ పులకరించినది వారే!" అని చదివాను.

చెయ్యి లేవలేదు. వెనక వరుసలోంచి ఒకావిడ కేక వేసింది. "ఆయనాండీ? లాంచీ కదిలినకాడ్నుంచి గుర్రు పెడతా ఉన్నారుగా!"

డెక్కంతా గొల్లుమంది. "నిద్దట్లో కూడా దానధర్మాలేనేటండీ!" అని నూకరాజు డోలక్కు మీద ఒక దెబ్బ వేశాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే వెళ్లి చూశాను. పుల్లయ్యగారు నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతున్నారు. పట్టీ కట్టిన చేతి మీద రోమాలు నిటారుగా ఉన్నాయి. మూసిన కంటిలోంచి ఒక చుక్క చెంప మీదికి జారింది.

నా నవ్వు ఆగిపోయింది.

సాయంత్రం త్రినాథ్‌కి ఫోను చేస్తే, "నిద్రలో కూడా చెవులు పనిచేస్తాయి బావా. నీ పాట అంత గొప్పగా ఉందన్నమాట," అన్నాడు. పొగడ్త మధ్యలో వాడు కొంచెం తడబడ్డాడని నాకనిపించింది. అనిపించిందో, నా అనుమానమే అలా వినిపించుకుందో.

మర్నాడు ఒక పాడు పని చేశాను. కొండల మధ్యకు వచ్చాక, పైస్థాయి అందుకునే చోట కావాలని శ్రుతి తప్పి పాడాను. మాకు అది చెప్పులతో గర్భగుడిలోకి వెళ్లడం లాంటిది. నూకరాజు చెయ్యి ఒక క్షణం గాల్లో ఆగిపోయింది. నాకేదో జబ్బు చేసిందన్నట్టు నా మొహంలోకి చూశాడు. నేను ఇంకా తప్పాను. పిల్లి అరిచినట్టు అరిచాను.

గంట మోగుతూనే ఉంది. ముందు వరుసలో ఒక పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ, "ఎన్ని జన్మల పుణ్యమో నాయనా!" అన్నాడు. ఆయనకు దణ్ణం పెట్టాను.

లాంచీ దిగి ఇంటికి పోలేదు. నేరుగా కషాయం వాసన మెట్లెక్కాను.

"పట్టీ చూస్తోందా, చేస్తోందా? అది చెప్పరా ముందు," అన్నాను.

త్రినాథ్ లేచి తలుపు మూశాడు. తర్వాత పట్టీ ఒకటి తెచ్చి నా చేతికి చుట్టాడు. బల్ల కింద నుంచి మిక్సీ తీసి, ఖాళీగా తిప్పాడు. చెవులు చిల్లులు పడే ఆ మోత మధ్య, నా వీపు మీద ఎవరో చన్నీళ్లు పోసినట్టయింది. మెడ మీంచి ముంజేతి దాకా జల్లుమంది. గుండె నిండిపోయింది. ఏడేళ్ల వయసులో మా నాన్న భుజాల మీద కూర్చుని గండి పోచమ్మ తల్లిని మొదటిసారి చూసినప్పుడు ఎలా ఉందో, అచ్చం అలాగే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మిక్సీ ఆగింది. నేను పట్టీని పీకి బల్ల మీదికి విసిరేశాను.

"మొదట్లో చూసేది మాత్రమే బావా, ఒట్టు," అన్నాడు త్రినాథ్. "రోమాలు లేచాయో లేదో తెలియాలంటే సన్నటి కరెంటు పంపాలి. అదే కరెంటు ఇంకాస్త పెంచితే లేవని రోమాలు లేస్తున్నాయి. లాంచీలో పదిమందికి జలదరిస్తే, తక్కినవాళ్లని కూడా కొంచెం ముందుకు తోస్తుంది. అంతే. నిప్పు నీదే. నేను ఊదుతున్నానంతే."

"ఇవాళ నిప్పు లేదురా. నేను శ్రుతి తప్పి పాడాను."

"అయితే పట్టీలు ఒకదాన్ని చూసి ఒకటి ఊదుకున్నాయి." ఆ మాట అన్నాక వాడికే భయం వేసినట్టుంది. కానీ వెంటనే గొంతు పెంచాడు. "అయినా నువ్వు చేసేదేంటి బావా? చలిగాలి వచ్చేదాకా ఆ పాట దాచుకోవట్లేదా? గుళ్లో చీకటి ఎందుకు? కర్పూరం ఎందుకు? ఆ గంట ఎందుకు? అవన్నీ మనిషిని కాస్త తోసేవే కదా! నాది గుడ్డతో చేశాను కాబట్టి తప్పా?"

నిజం చెప్పొద్దూ, దీనికి జవాబు నాకు ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు. గుళ్లో గంట కొట్టేవాడు తన చేత్తో కొడతాడు, కొడుతున్నాడని అందరికీ తెలుసు, అనుకుంటాను. గాలి వస్తోందని అందరికీ తగులుతుంది. ఇది అలా కాదు. కానీ ఈ మాట ఆ రోజు నోటికి రాలేదు. దానికంటే పెద్ద దిగులు పట్టుకుంది. మిక్సీకి కదిలిన ఈ ఒళ్లు, పోచమ్మ తల్లి ముందు కదిలినప్పుడు మాత్రం నిజమే చెప్పిందని ఏమిటి నమ్మకం?

అప్పటి నుంచి నాకు చేతులు చూసే జబ్బు పట్టుకుంది. ఎవరు దణ్ణం పెడుతున్నా, ఎవరు కన్నీళ్లు పెట్టుకున్నా ముందు వాళ్ల ముంజేతి వైపు చూసేవాణ్ణి.

మా ఇంట్లో శుక్రవారం సాయంత్రం దీపం పెట్టాక నేను ఒక పాట పాడడం అలవాటు. గోదావరి తల్లి పాట పాడితే తులసి చేతులు రుద్దుకుని, "ఇంక చాలు, లేవండి. ఒళ్లు జల్లుమంటోంది," అనేది. ఆ శుక్రవారం పాడుతూ ఆమె చెయ్యి చూశాను. దీపం వెలుగులో చర్మం నున్నగా, నిశ్చలంగా ఉంది. ఒక్క రోమం లేవలేదు.

తులసి నా చూపు పట్టేసింది. "ఏంటలా చూస్తున్నారు?"

"ఏం లేదు."

"మీరు చూస్తున్నది నాకూ తెలుసులెండి." చెయ్యి కొంగు కిందికి లాక్కుంది. "కొన్నాళ్ల బట్టి అంతేనండి. మీరు బాగానే పాడుతున్నారని తెలుస్తోంది. కూరలో ఉప్పు వేశానని తెలుస్తోంది గానీ నాలిక్కి తగలట్లేదు చూడండి, అలాగుంది. హారతి పడుతుంటే కూడా అంతే. అందుకే పాలరాయి వేయించాను. ఏం పాపం చేశానోనని భయమేసి."

"నాతో చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? మీ పాట నాకు తగలట్లేదని మీతోనే చెప్పనా?"

అప్పుడు అడిగాను, పట్టీ ఎప్పుడైనా కట్టుకున్నావా అని. ఆమె నవ్వింది. "ఎప్పుడైనా ఏంటండీ? మొదట కట్టుకుంది నేనేగా. మీరు లాంచీకెళ్లాక వాడు మీ పాటలు ఫోనులో పెట్టి ఇచ్చేవాడు. వంట చేస్తూ, అంట్లు తోముతూ కట్టుకునే ఉండేదాన్ని. అక్క చెయ్యి మంచి చెయ్యి అనేవాడు. తమ్ముడికి ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా?"

ఆదివారం త్రినాథ్ కంపెనీ కాగితాలు సంచిలో పెట్టుకుని, పూతరేకులు పట్టుకుని భోజనానికి వచ్చాడు. మర్నాడే సంతకాలు. నేను మాట్లాడదామనుకునే లోపే తులసి అన్నం వడ్డిస్తూ చెప్పేసింది, కూరలో ఉప్పు మాటే మళ్లీ చెప్పింది. చెప్పి, "ఒరేయ్, అది మళ్లీ వస్తుందిరా?" అని అడిగింది.

వాడు తింటున్న కంచం ముందు నుంచి లేచాడు. చెయ్యి కడుక్కుని, సంచిలోంచి పాత పట్టీ తీసి, కరెంటు పెంచే మీట విప్పి పక్కన పెట్టి, అక్క చేతికి కట్టాడు. నన్ను పాడమన్నాడు. పాడాను. అంత జాగ్రత్తగా పెద్ద సభల్లో కూడా పాడలేదు. వాడి ఫోనులో పట్టీ కొలత చూపించే గీత సాపుగా, అవతలి ఒడ్డులా కదలకుండా ఉండిపోయింది.

"చెప్పరా," అంది తులసి.

"తెలీదక్కా." వాడు ఫోను బోర్లా పెట్టాడు. "ఒళ్లు అలసిపోయిందేమో. ఊరికే తోసి తోసి ఉంచితే తనంతట తాను పులకరించడం మర్చిపోయిందేమో. వస్తుందో రాదో... నిజంగా తెలీదు."

"కావాలని చేశావేంటి? పోనీలే. కూర్చో, పెరుగన్నం తిను."

వాడు తినలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "నేను ఎక్కువ పెంచి చూసింది నీ మీదేనక్కా. నీకు చెప్పలేదు," అన్నాడు. ఆమె వాడి జుట్టు సవరించి పంపింది. వాడు వెళ్లాక మాత్రం వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

సోమవారం త్రినాథ్ సంతకం పెట్టలేదు. ఇది మనుషుల్ని మొద్దుబారుస్తోంది, ఆపండి అని కంపెనీవాళ్లతో చెప్పాడు. వాళ్లు మర్యాదగా విని, కాఫీ ఇచ్చి, తమ దగ్గర ఇలాంటిదే వేరొకటి ముందే తయారుగా ఉందని చెప్పి పంపారు. ఎప్పుడు తయారైందో, మా లాంచీలో కూర్చున్న రోజున ఏమేం చూసుకుని వెళ్లారో, అది వాడి అనుమానం. నాదీ అదే.

మేము పట్టీలు తీసేశాం. నెల తిరక్కుండా పక్క లాంచీల్లో ఆకుపచ్చ రంగువి కనిపించాయి. ఒక మధ్యాహ్నం కొండల దగ్గర అలాంటి లాంచీ ఒకటి మాకు ఎదురొచ్చింది. దాని పైడెక్కు మీద పాటగాడు ఇంకా గొంతు సవరించుకుంటున్నాడు. జనం మాత్రం అందరూ ఒకే క్షణంలో ఊపిరి పీల్చారు, ఒకే క్షణంలో చేతులు గుండెల మీద పెట్టుకున్నారు. నీళ్ల మీదుగా ఆ నిట్టూర్పు మా దాకా వినిపించింది. నూకరాజు డోలక్కు మీద అరచెయ్యి ఆనించి దాన్ని నోరు మూయించినట్టు పట్టుకున్నాడు.

"భద్రం, ఆ లాంచీలో అందరూ ఏడుస్తున్నారయ్యా," అన్నారు రాజుగారు. "మన లాంచీలో ఉప్మాలో జీడిపప్పు లేదని గొడవ చేస్తున్నారు. ఇలాగైతే నేనేం చేసేది?"

"కొన్నాళ్లు చూడండి రాజుగారూ."

"ఎన్నాళ్లు?"

అప్పటి నుంచి ఒక మార్పు చేశాను. గోదావరి తల్లి పాటను కొండల దాకా దాచడం మానేశాను. నది వెడల్పుగా ఉండి, ఎండ మాడుస్తూ, ఆకు కూడా కదలని చోట పాడుతున్నాను. నూకరాజు మొదట్లో, "గురువుగారూ, గాలిని కూడా వదిలేస్తే మనకి మిగిలేదేటండి?" అని గునిశాడు. ఏం మిగులుతుందో చూద్దామన్నాను. చాలాసార్లు ఏమీ మిగలదు. ఎప్పుడో ఒకసారి, చెమట తుడుచుకుంటూ ఎవరో ఒక మనిషి ఫోను కిందికి దించి, ఊరికే వింటాడు. పాట అయ్యాక అట్ట దగ్గరికి వచ్చి పేరు చెబుతాడు. ఆ పేరు నేను నిండుగా చదువుతాను. వాళ్ల చేతులు చూడకుండా ఉండడం ఇంకా నేర్చుకుంటున్నాను.

ఇంట్లో శుక్రవారాలు నడుస్తూనే ఉన్నాయి. తులసి దీపం పెడుతుంది, నేను పాడతాను, ఆమె ఓపిగ్గా వింటుంది. ఆ ఓపిక చూస్తే నాకు భయం వేసేది. పాడడం మానేద్దామని కూడా అనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. "నాకు తగలకపోతే మీరు పాడరా? దేవుడు వింటున్నాడుగా, ఆయనకేమైనా పట్టీ కట్టామా?" అంది.

మొన్న శుక్రవారం పాట సగంలో ఉండగా ఆమె లేచి వెళ్లిపోయింది. పాలు పొంగుతున్నాయేమో అనుకున్నాను. విసిగిందేమో అని కూడా అనుకున్నాను. ఆపకుండా పాట ముగించాను. తిరిగి వచ్చి, నా హార్మోనియం మీద ఒక రూపాయి బిళ్ల పెట్టింది.

"ఏంటిది?"

"బాకీ."

"నాకా?"

"పెళ్లిచూపులకొచ్చినప్పుడు మా నాన్న మిమ్మల్ని పాడమన్నారు కదా. అందరూ తలా రూపాయి చదివించారు. నా చేతిలో లేదు. అమ్మనడుగుదామంటే సిగ్గేసింది. ఆనక ఇద్దాంలే అనుకున్నాను. పెళ్లయిపోయింది, సంసారంలో పడ్డాం, అలాగే ఉండిపోయింది."

"ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్నావా?"

"లేదండి. మర్చిపోయాను. ఇందాక మీరు పాడుతుంటే గుర్తొచ్చింది." దీపం వత్తి ఎగదోస్తూ, "వడ్డీ మాత్రం అడక్కండి," అంది.

ఇందాక అంటే పాటలో ఎక్కడ? ఒళ్లు జల్లుమందా? లేక నేను దిగులుపడుతున్నానని జాలిపడి ఈ మాట అల్లిందా? చెయ్యి కొంగు కింద లేదు, బయటే ఉంది. దీపం పక్కనే ఉంది. తల తిప్పితే తెలిసిపోయేది.

నేను దీపం వైపే చూశాను. రూపాయి తీసి కళ్లకద్దుకుని, మైకు లేకపోయినా గొంతు సవరించుకున్నాను.

"శ్రీమతి..." అని మొదలుపెట్టాను.

"అప్పటికి శ్రీమతిని కాదుగా," అంది తులసి. "అప్పటి పేరుతో చదవండి."

"సరే. కొప్పిశెట్టి వారి అమ్మాయి, కుమారి తులసి గారు, కళాకారుణ్ణి మెచ్చి చదివించినది, అక్షరాలా ఒక్క రూపాయి. ముట్టింది."